ఎడమ చెయ్యి

డ్రైసూట్ లోపల తడి కనబడితే మొదటి నింద ఎగ్జాస్ట్ వాల్వ్ మీదే పడుతుంది. ఎడమ జబ్బ మీద, భుజానికి కాస్త దిగువన ఉండే నల్లటి గుండ్రటి బిళ్ళ అది. సూటులో ఎక్కువైన గాలిని బయటికి వదలాలి, బయటి నీటిని లోపలికి రానివ్వకూడదు. అదొక్కటే దాని పని. మనం కావాలని పెట్టుకున్న కంత కాబట్టి, నీళ్ళు దూరితే అందులోంచే దూరి ఉంటాయనుకోవడం ఎవరికైనా తేలిక. మా బావగారికీ అలాగే అనిపించింది.

“ఏమోయ్ బావమరిదీ, వాల్వ్ కారుతోంది. జబ్బంతా తడిసిపోయింది, చూడు,” అంటూ ఒక ఆదివారం మధ్యాహ్నం మా గ్యారేజీలోకి వచ్చి సూటును బల్ల మీద పరిచారు. ఆయన వెనకాలే అక్క తన సూటును భుజాన వేసుకుని వచ్చి, నేను చెప్పకుండానే హ్యాంగరుకి తగిలించి, మంచినీళ్ళ పైపు పెట్టి కడగడం మొదలుపెట్టింది. ఉప్పునీళ్ళలో దిగొచ్చిన ఏ వస్తువునైనా ముందు మంచినీళ్ళతో కడగాలన్నది నేను అక్కకి నేర్పిన మొదటి పాఠం. తను ఇప్పటికీ తప్పలేదు.

మేం ఉండేది సియాటిల్ పక్కన. ఇక్కడి ప్యూజెట్ సౌండ్ అనే ఉప్పునీటి పాయ పసిఫిక్ సముద్రం నుంచి లోపలికి చొచ్చుకొచ్చింది. ఆ నీరు ఎండాకాలంలో కూడా దాదాపు 13 డిగ్రీలు దాటదు, చలికాలంలో 7, 8 డిగ్రీలకి పడిపోతుంది. గాలి కంటే నీరు ఒంట్లోని వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. అందుకే ఇక్కడ ఏడాది పొడుగునా దిగేవాళ్ళు వెట్‌సూట్ పక్కన పెట్టి డ్రైసూట్ తొడుక్కుంటారు. మెడ దగ్గరా మణికట్ల దగ్గరా పల్చటి లేటెక్స్ సీళ్ళు, ఛాతీకి అడ్డంగా నీరు చొరని జిప్పు, లోపల మందపాటి ఉన్నిలాంటి ఫ్లీస్ దుస్తులు. ఒంటికి నీరు తగలదు. వెచ్చగా ఉంచేది ఆ రబ్బరుగుడ్డ కాదు, లోపలి దుస్తుల్లో నిలిచిన గాలి.

ఆ గాలితోనే చిక్కు. 10 మీటర్ల లోతుకి వెళ్ళేసరికి అది సగానికి సగం కుంచించుకుపోతుంది. సూటు ఒంటిని పిండేస్తుంది. అప్పుడు ఛాతీ మీది బొత్తాం నొక్కి సిలిండరులోని గాలిని కొంచెం కొంచెంగా సూటులోకి వదులుకోవాలి. పైకి వచ్చేటప్పుడు అదే గాలి మళ్ళీ ఉబ్బుతుంది. వదలకపోతే అది మనిషిని ఎత్తుకుని పైకి విసిరేస్తుంది. అది కాళ్ళలో చేరిందంటే తలకిందులై తేలాల్సిందే. లోతు నుంచి అలా దూసుకొస్తే ఊపిరితిత్తులకీ, రక్తానికీ ఎంత ప్రమాదమో డైవింగ్ నేర్చుకున్న ప్రతివాళ్ళకీ మొదట చెబుతారు. అలా కాకుండా కాపాడేది ఆ నల్ల బిళ్ళే. ఎడమ చెయ్యి కొద్దిగా పైకెత్తితే చాలు, ఒంటి మీద అన్నిటికంటే ఎత్తైన చోటు ఆ వాల్వే అవుతుంది. గాలి అక్కడికి చేరి, లోపలి సిలికోన్ పొరను ఎత్తుకుని బుడబుడమంటూ బయటికి పోతుంది. పోయాక ఓ చిన్న స్ప్రింగు ఆ పొరను తిరిగి నొక్కేస్తుంది. నీరు ఆగిపోతుంది. ఆ స్ప్రింగునీ ఆ పొరనీ చేతిలోకి తీసుకుని చూసినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. డైవరు ఒంటి మీద ఇంత చిన్నదీ, ఇంత పెద్ద బాధ్యత మోసేదీ మరొకటి లేదు.

అసలు డైవింగ్ నేర్చుకుంటానన్నది అక్క. అమలాపురం దగ్గర మా ఇల్లు పంటకాలువ గట్టునే. అక్కడ ఈత ఎవరూ ఎవరికీ నేర్పరు, వచ్చేస్తుంది. బావగారు హైదరాబాదులో పుట్టి పెరిగినవారు. ఈత పెద్దయ్యాక, ఇక్కడి క్లబ్బు కొలనులో, కోచ్‌ని పెట్టుకుని నేర్చుకున్నారు. అక్క కోర్సులో చేరతాననగానే, “దాన్ని ఒంటరిగా ఎలా పంపుతాను?” అని తనూ చేరారు. ఇద్దరూ ఒకేసారి పాసయ్యారు. ఒకే రకం సూట్లు కొనుక్కున్నారు. వారాంతాల్లో కలిసే దిగుతున్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక మొగుడూ పెళ్ళాం కలిసి ఓ కొత్త పని నేర్చుకోవడం మా కుటుంబంలో నేను మరెక్కడా చూడలేదు. నాకది ఎంతో ముచ్చటగా ఉండేది.

ఒక్కటే ఇబ్బంది. “మీ అక్కకి నీళ్ళ కింద భయం. నా చెయ్యి వదిలితే కదా!” అనేవారు బావగారు. మా ఇంట్లో అనేవారు, తెలుగువాళ్ళ ఉగాది కూడికలో అనేవారు, వనభోజనాల దగ్గర పదిమందిలో అనేవారు. “మరి మీరు కాలువలో ఈదినవాళ్ళేగా?” అని ఎవరైనా అక్కని అడిగితే, జవాబు కూడా ఆయనే చెప్పేవారు. “కాలువలో ఈత వేరండీ. అక్కడ తల పైకెత్తితే గాలి. 20 మీటర్ల కింద తలెత్తితే ఏముంది? పైన చీకటి. భయం వేస్తుంది, సహజం.” ఆయన చెప్పే తీరులో వెటకారం ఉండేది కాదు. భార్య భయాన్ని అర్థం చేసుకుని ఓర్చుకునే మనిషి గొంతు అది. అక్క పులిహోర వడ్డిస్తూ వినేది. అవుననేది కాదు, కాదనేది కాదు.

నీళ్ళలోకి ఇద్దరేసి దిగాలన్నది పాత నియమమే. 1782లో ఇంగ్లండులోని స్పిట్‌హెడ్ దగ్గర మునిగిన రాయల్ జార్జ్ యుద్ధనౌక శిథిలాలను తొలగించే పని 1839లో సైన్యాధికారి చార్లెస్ పాస్లీ చేపట్టాడు. ఆయన తన డైవర్లను జతలు జతలుగా దింపాడు. బడ్డీ పద్ధతికి నమోదైన మొదటి ఉదాహరణగా దాన్నే చెబుతారు. ఆగస్టస్ సీబె తయారుచేసిన, మెడ దాకా మూసి ఉండే డైవింగ్ దుస్తులకి పెద్ద పరీక్ష జరిగింది కూడా అక్కడే. ఈనాటి డ్రైసూటుకి పెద్దతాతలాంటి ఆ దుస్తుల్లో గాలి బయటికి పోయే వాల్వ్ శిరస్త్రాణానికి ఉండేది. జత ఉండాలన్నారు గానీ చేతులు పట్టుకోవాలని మాత్రం ఎవరూ అనలేదు. చేతులు పనిచేయడానికి ఖాళీగా ఉండాలి. ముఖ్యంగా ఎడమ చెయ్యి. అది పైకి లేస్తేనే కదా వాల్వ్ తెరుచుకునేది. ఈ మాట బావగారికి నేను చెప్పాను కూడా. “నాకు తెలుసోయ్. కానీ మీ అక్క వదలాలిగా,” అన్నారు.

సరే, వాల్వ్ సంగతి.

ఎగ్జాస్ట్ వాల్వ్ కారుతోందంటే నూటికి తొంభై సార్లు అది పాడవదు, మురికిపడుతుంది. లోపలి ఫ్లీస్ నుంచి ఊడిన నూగుపోగు, ఓ వెంట్రుక, ఓ ఇసుక రేణువు, సీళ్ళకి రాసిన టాల్కం పొడి, ఎండిన ఉప్పు. వీటిలో ఏదో ఒకటి సిలికోన్ పొరకీ దాని కింది అంచుకీ మధ్య ఇరుక్కుంటుంది. పొర పూర్తిగా కూర్చోదు. ఆ వెంట్రుకవాసి సందు చాలు నీటికి. అందుకని మొదటి రోజే స్క్రూడ్రైవరు, పట్టుకారు తీయకూడదు. వాల్వ్ మీది చక్రాన్ని ఎడమకి తిప్పి పూర్తిగా తెరిచి, గోరువెచ్చటి మంచినీళ్ళు పోస్తూ, దాన్ని నొక్కుతూ వదులుతూ లోపలి నుంచీ బయటి నుంచీ కడగాలి. చాలా లీకులు అక్కడే ఆగిపోతాయి.

బావగారి వాల్వ్‌ని అలాగే కడిగాను. తృప్తి కలగక ఊడదీశాను కూడా. సూటు లోపలి వైపున్న పళ్ళేన్ని ఓ చేత్తో కదలకుండా పట్టుకుని, బయటి భాగాన్ని మరో చేత్తో తిప్పితే అది వచ్చేస్తుంది. చేతి బలం చాలు. పట్టుకారు వేశామంటే ప్లాస్టిక్ అంచు చిట్లుతుంది, లేదా కింద పరిచిన రబ్బరు వాషరు మెలికపడి కొత్త లీకు పుడుతుంది. భూతద్దం పెట్టి చూస్తే పొర అంచున నీలిరంగు నూగుపోగు ఒకటి అంటుకుని ఉంది. బావగారి ఫ్లీస్ రంగే. మెత్తటి గుడ్డతో తీసి, అంచు మీద గీతలేమైనా ఉన్నాయేమోనని వేలితో తడిమి, పొరని వెలుతురుకి పెట్టి చూసి, తిరిగి కూర్చోబెట్టాను. గ్రీజు రాయలేదు. పెట్రోలియం గ్రీజులు రబ్బరుని కొరుక్కు తింటాయి. పొరకి అసలు ఏ జిడ్డూ లేకపోవడమే మేలు, జిడ్డుకి ఇసుక మరింత అంటుకుంటుంది.

“దొరికింది బావా,” అని ఆ పోగుని తెల్ల కాగితం మీద పెట్టి చూపించాను.

“నేను చెప్పలా వాల్వేనని!” అన్నారు ఆయన. ఆ సంతోషంలో నన్ను భోజనానికి కూడా పిలిచారు.

తరువాతి వారం ఎడమ చెయ్యి మళ్ళీ తడిసింది.

ఈసారి ఆయన ముఖంలో చిరాకు. “కొత్త వాల్వ్ వేసెయ్. ఎంతైనా ఇస్తాను,” అన్నారు. చక్కగా పనిచేసే వస్తువును అనుమానం మీద మార్చడం నాకు నచ్చదు. వారమంతా సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం నాది. తప్పు ఎక్కడుందో చూపించలేనప్పుడు దాన్ని దిద్దానని చెప్పుకునే హక్కు మనకి లేదని ఆ ఉద్యోగం నాకు నేర్పింది. పైగా ఇక్కడ పందెం చిన్నది కాదు. రేపు 20 మీటర్ల కింద ఆ కొత్త వాల్వ్‌నీ ఈయన నమ్మకపోతే, చెయ్యెత్తాల్సిన చోట ఎత్తరు.

సూటు మొత్తాన్ని పరీక్షకి పెట్టాను. మెడ సీలులో చిన్న రబ్బరు బంతి, మణికట్ల సీళ్ళలో ఖాళీ సీసాలు బిగించి, జిప్పు మూసి, గాలి ఊది, సబ్బునీళ్ళు చల్లాను. చిన్నప్పుడు అమలాపురంలో సైకిలు షాపువాడు ట్యూబుని తొట్టిలో ముంచి పంచరు పట్టే పద్ధతే ఇది. కాళ్ళ నుంచి మెడ దాకా ఎక్కడా ఒక్క బుడగ లేవలేదు. అయితే ఈ పరీక్షలో ఒక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎగ్జాస్ట్ వాల్వ్ ఒకవైపు దారి. లోపలి నుంచి ఊదితే అది గాలి వదలాలి, వదులుతుంది. అక్కడ బుడగలు వస్తే లీకనుకోకూడదు, రాకపోతే బాగుందనుకోకూడదు. నీరు వచ్చేది బయటి నుంచి లోపలికి కాబట్టి ఒత్తిడి కూడా అటు నుంచే పెట్టి చూడాలి.

అందుకని సూటును లోపలిది బయటికి తిరగేశాను. ఓపిక కావాలి, తిరగేసిన సూటుకి జిప్పు వేయడం అంత సులువు కాదు. ఒక మణికట్టు గుండా గాలి ఊదాను. ఇప్పుడు వాల్వ్ బయటి ముఖం లోపలి గాలి వైపు ఉంది. సముద్రంలో నీరు నొక్కినట్టే గాలి ఆ పొరని నొక్కుతోంది. పైకి తేలిన వాల్వ్ వెనక భాగం మీద సబ్బునీళ్ళు పోసి, టార్చి పట్టుకుని కూర్చున్నాను. అక్క కూడా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. టీ చల్లారిపోయింది. ఒక్క బుడగ రాలేదు.

“బావా, వాల్వ్ బంగారంలా ఉంది. సూటు బంగారంలా ఉంది. మనిషి లోపల లేనప్పుడు ఈ సూటు కారదు.”

“అంటే నేను అబద్ధం చెబుతున్నానా?”

“కాదు బావా. నీళ్ళు వస్తున్నాయి, నిజం. దారి వేరు అంటున్నాను.”

లీకు పనిలో అన్నిటికంటే గట్టిగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. తడి కనిపించే చోటు వేరు, నీరు దూరిన చోటు వేరు. మణికట్టు దగ్గర నాలుగు చుక్కలు దూరాయనుకోండి. చెయ్యి కిందికి ఉన్నంతసేపూ అవి అక్కడే, ముంజేతి దగ్గర ఉంటాయి. గాలి వదలడానికి చెయ్యెత్తగానే మోచేతి మీదుగా జారి జబ్బ దాకా వస్తాయి. ఫ్లీస్ వాటిని పీల్చుకుని అక్కడే నిలుపుకుంటుంది. పైకి వచ్చి సూటు విప్పితే తడి సరిగ్గా వాల్వ్ కింద ఉంటుంది. పాపం, వాల్వ్‌ది మాత్రం ఏ తప్పూ లేదు.

లేటెక్స్ సీలు మణికట్టు చుట్టూ సమంగా అతుక్కుంటేనే నీటిని ఆపుతుంది. అరచేతి వైపు మణికట్టుని చూసుకుని ఒకసారి పిడికిలి గట్టిగా బిగించండి. వేళ్ళను ముడిచే స్నాయువులు రెండు మూడు చర్మం కింద నిక్కబొడుచుకుని లేస్తాయి. వాటి పక్కన పల్లాలు ఏర్పడతాయి. సీలు ఆ ఎత్తుల మీద గుడారంలా నిలబడి, పల్లాల మీద ఖాళీ వదిలేస్తుంది. ఆ ఖాళీలోంచి నీరు నడిచొస్తుంది. చెయ్యి వదులు చేయగానే మళ్ళీ మూసుకుపోతుంది. నీళ్ళ కింద కెమెరా పట్టుకునేవాళ్ళకీ, తాడు పట్టుకుని దిగేవాళ్ళకీ ఇది తెలిసిన బాధే. మణికట్టు సన్నగా ఉన్నవాళ్ళకి మరీ ఎక్కువ. అక్క మణికట్టు చాలా సన్నం. తన సూటు కొన్న రోజు నుంచీ ఆ సీళ్ళ గురించి నాకు భయంగా ఉండేది. ప్రతి ఆదివారం రెండు సూట్లూ ఆరబెట్టేటప్పుడు తన చేతులు తిరగేసి చూసేవాణ్ణి. ఎప్పుడూ పొడిగానే ఉండేవి.

ఇది ఇలా ఉండగా ఆక్టోపస్ వ్యవహారం వచ్చింది.

సియాటిల్ డౌన్‌టౌన్‌కి ఎదురుగా, ఆల్కై ఒడ్డున సీక్రెస్ట్ పార్కు ఉంది. అక్కడి రెండో కోవ్‌లో నేల వాలుగా లోతుకి దిగుతుంది. పాత దూలాల కిందా కాంక్రీటు దిమ్మల సందుల్లోనూ జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్‌లు కాపురం ఉంటాయి. 2012లో ఒకతను చట్టప్రకారమే అనుమతి ఉండి అక్కడ ఒక ఆక్టోపస్‌ని పట్టుకెళ్తే ఊరు ఊరంతా మండిపడింది. మరుసటి ఏడాది రాష్ట్రం సీక్రెస్టుతో కలిపి 7 చోట్ల వాటిని పట్టడం నిషేధించింది. ఆ జాతి ఆడది గుడ్లు పెట్టాక నెలల తరబడి గుహ వదలదు, తిండి తినదు. గుడ్లకి నీరు ఊదుతూ, వాటిని శుభ్రం చేస్తూ కూర్చుంటుంది. గుడ్లు పగిలి పిల్లలు బయటికి వెళ్ళేసరికి తల్లి చనిపోతుంది. అలా గుడ్ల మీద కూర్చున్న ఒకదాన్ని తోటి డైవర్లు చూసొచ్చారు. రాత్రి దిగితే ఇంకా బాగా కనిపిస్తుందని, అందరూ కలిసి వెళ్దామనుకున్నారు.

అక్క ముఖం వెలిగిపోయింది. ఆ సంగతి చెప్పిన మనిషిని ఆపి ఆపి అడిగింది. గుడ్లు ఎలా వేలాడుతున్నాయి, అది కళ్ళు ఎటు తిప్పింది, మనుషుల్ని చూసి లోపలికి జరిగిందా అని. పగటిపూట ఒకసారి వాళ్ళిద్దరూ ఆ గుహ దాకా వెళ్ళారు. కానీ సరిగా చూసేలోగానే బావగారు బొటనవేలు పైకి చూపించారట. డైవర్ల సైగల్లో దానర్థం ఇక పైకి పోదామని. ఆ సైగ ఎవరు చేసినా రెండోవాళ్ళు ప్రశ్నించకూడదు. అది మంచి నియమం, దానివల్ల బతికినవాళ్ళున్నారు. అక్క ప్రశ్నించలేదు.

రాత్రి డైవ్‌కి పేర్లు రాస్తున్నప్పుడు బావగారే చెప్పారు. “మేం రాలేమండీ. పగలే నా చెయ్యి వదలదు, ఇంక రాత్రంటే ఎలా?” రాసేవాళ్ళు అక్క వైపు జాలిగా చూశారు. అక్క తన టార్చిలో బ్యాటరీలు తీసి సంచిలో పెట్టుకుంది.

ఆ తరువాతి ఆదివారం గ్యారేజీలో పెద్ద టబ్బు నిండా చన్నీళ్ళు పట్టాను.

“ఇవాళ తేల్చేద్దాం బావా. సూటు తొడుక్కుని, ఎడమ చెయ్యి మోచేతి దాకా ఇందులో పెట్టండి. వేళ్ళు వదులుగా ఉంచండి.”

పెట్టారు. కాసేపు ఉంచాం. పక్కనే అక్క తువ్వాలు పట్టుకుని నిలబడింది.

“తడి తెలుస్తోందా?”

“లేదు.”

నీళ్ళ కింద ఎడమ చేత్తో ఏం చేస్తుంటారని అడిగాను. ఏదైనా పట్టుకుంటారా?

“నేనేం పట్టుకుంటానోయ్! మీ అక్క ఎప్పుడూ నాకు ఎడమ పక్కనే కదా. తన కుడి చేత్తో నా చెయ్యి పట్టుకుంటుంది. ఎముకలు విరిగేలా పట్టుకుంటుంది.” అంటూనే ఆయనకి ఏదో తట్టింది. ముఖం విప్పారింది. “అదీ సంగతి! తను అంత గట్టిగా పట్టుకోవడం వల్లే నా సీలు నలిగి నీళ్ళొస్తున్నాయి. వాల్వూ కాదు, సూటూ కాదు. మీ అక్క భయం!”

అది జరగడానికి వీలుందో లేదో చూడటం కష్టం కాదు. నా చెయ్యి టబ్బులో పెట్టి, ఆయన అరచేతిని నా చేత్తో పట్టుకుని, నాకున్న బలమంతా పెట్టి బిగించాను. ఆయన చెయ్యి వదులుగానే ఉంచమన్నాను. ఉంచారు. నా వేళ్ళు తెల్లబడ్డాయి. నా మణికట్టులో నరాలు లేచాయి.

“వస్తున్నాయా?”

ఆయన కాసేపు ఆగి చూసుకున్నారు. “లేదే.”

“ఇప్పుడు నేను చెయ్యి వదులు చేస్తాను. మీరు పట్టుకోండి బావా. నీళ్ళ కింద ఉన్నట్టే.”

ఆయన పట్టుకున్నారు. మొదట మామూలుగా. తరువాత ఏం గుర్తొచ్చిందో, ఎక్కడ ఉన్నాననుకున్నారో, వేళ్ళు బిగుసుకున్నాయి. నా ఉంగరం వేలికి గుచ్చుకుంది. ఆయన మణికట్టు మీద సీలు పక్కకి జరిగి, సన్నటి బుడగ ఒకటి నీళ్ళలోంచి పైకి లేచింది. దాని వెనకాల ఇంకొకటి.

“చల్లగా… వస్తున్నాయి,” అన్నారు. చెయ్యి మాత్రం వదల్లేదు.

నేనేమీ అనలేదు. హ్యాంగరు మీద అక్క సూటు ఇంకా కడగకుండా ఉంది, ఆ పొద్దున దిగి వచ్చిందే. ఆయన చూపు దాని మీదికి వెళ్ళింది. నా చెయ్యి వదిలి, టబ్బు దగ్గర్నుంచి లేచి, ఆ సూటు కుడి చేతిని తనే తిరగేశారు. భుజం నుంచి మణికట్టు దాకా తడిమారు. మళ్ళీ తడిమారు. ఎక్కడా చెమ్మ లేదు.

ఆయన అక్క వైపు తిరిగారు. ఏదో అనబోయి ఆగిపోయారు. ఉగాది కూడికలో, వనభోజనాల్లో, పేర్లు రాసే చోట అన్ని మాటలు అన్న మనిషికి ఒక్క మాట దొరకలేదు.

అక్క దగ్గరికి వచ్చి ఆయన ఎడమ చేతిని తన ఒళ్ళోకి తీసుకున్నంత దగ్గరగా పట్టుకుని, వేలు వేలునా తువ్వాలుతో తుడిచింది.

“ఏమండీ, ఇకనుంచి నన్ను కుడి చేత్తో పట్టుకోండి. ఎడమది వాల్వ్‌కి కావాలి,” అంది. “ఆ రాత్రి డైవ్‌కి మన పేర్లు నేను మొన్ననే రాయించేశాను.”